గాలికి విగ్గు కదలకుండా ఉండాలంటే

ప్రశ్న: నా వయసు 52 ఏళ్ళు. రొమ్ము క్యాన్సరుకు ఆపరేషను చేసి, ఆ తరువాత కీమోథెరపీ ఇచ్చారు. చివరి ఇంజక్షను అయి రెండు నెలలు దాటింది. జుట్టంతా రాలిపోవడంతో విగ్గు పెట్టుకుంటున్నాను. కిందటి నెల మావారి స్కూటరు వెనక కూర్చుని వెళ్తుంటే గాలికి విగ్గు నుదుటి దగ్గర లేచింది. దారి పొడుగునా చేత్తో అదిమి పట్టుకుని కూర్చున్నాను. విగ్గు నలిగిపోతుందని హెల్మెట్ కూడా పెట్టుకోలేదు. ఆ రోజు నుంచి గడప దాటలేదు. ఆసుపత్రిలో చూపించుకోవలసిన తేదీ కూడా దాటిపోయింది. వచ్చే నెల కాలిఫోర్నియాలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. వాడు పైకప్పు తెరుచుకునే కారు కొన్నాడు. సముద్రపు ఒడ్డున కప్పు తీసేసి తిప్పుతానని సంబరపడుతున్నాడు. నాకు ఆ మాట వింటేనే గుండె దడగా ఉంది. విగ్గు అమ్మినవాళ్ళు గమ్ము రాసుకోమంటున్నారు. మా వదిన కొంగు గట్టిగా బిగించి కట్టుకోమంటోంది. ఏం చేస్తే మంచిది?
— ఒక సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, విగ్గు సంగతి తరువాత చూద్దాం. ముందు మీరు చెయ్యవలసిన పని, దాటిపోయిన చెకప్‌కు ఈ వారంలోనే వెళ్ళడం. క్యాన్సరు చికిత్సలో ఇంజక్షన్లు ఎంత ముఖ్యమో, అవి పూర్తయ్యాక డాక్టరు చెప్పిన తేదీలకు వెళ్ళి చూపించుకోవడమూ అంత ముఖ్యం. విగ్గు సరిగా కుదిరేదాకా ఆగవద్దు. తలకు మెత్తని నూలు గుడ్డ కట్టుకుని ఆటోలో వెళ్ళండి. ఆ ఆసుపత్రిలో మీ తలను వింతగా చూసేవాళ్ళు ఎవరూ ఉండరు.

ఇక విగ్గు మాట. మీ వదినగారు చెప్పినట్టు పైనుంచి బిగించి కడితే విగ్గు ఆగదు. దానికి కింద నుంచి పట్టు ఉండాలి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగతావన్నీ తేలికే.

ఎందుకు లేస్తుంది?

కారణాలు మూడు. మొదటిది కొలత. చాలామంది జుట్టు రాలకముందే విగ్గు కొనుక్కుంటారు. అప్పుడు తీసిన కొలతలో జుట్టు మందం కూడా కలుస్తుంది. జుట్టు పోయాక అదే విగ్గు వదులవుతుంది. రెండవది నునుపు. వెంట్రుక లేని తల మీద విగ్గు లోపలి అస్తరు జారుతుంది. చెమట పడితే ఇంకా జారుతుంది. కీమోథెరపీ తరువాత, హార్మోను మాత్రలు వాడేటప్పుడు చాలామంది స్త్రీలకు ఒక్కసారిగా వేడి ఆవిర్లు వచ్చి తలంతా చెమట పడుతుంది. మీకు అలా వస్తుంటే డాక్టరుకు చెప్పండి.

మూడవది గాలి. వేగం రెట్టింపయితే గాలి తోపు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో కదలని విగ్గు 60లో లేవడానికి కారణం ఇదే.

స్కూటరు గాలి వేరు, కారు గాలి వేరు

స్కూటరు మీద గాలి ముందు నుంచీ పక్కల నుంచీ కొడుతుంది. అందుకే నుదుటి అంచు లేచింది. కప్పు తీసిన కారులో అలా కాదు. ముందు అద్దం గాలిని పైకి మళ్ళిస్తుంది. ఆ గాలి తల మీదుగా పోయి, సీట్ల వెనక కిందికి దిగి, సుడి తిరిగి మళ్ళీ మన మెడ మీదికి వస్తుంది. తెరిచిన కారులో కూర్చున్నవారి జుట్టు వెనక్కి పోకుండా ముఖం మీద పడడం ఇందువల్లనే. కాబట్టి స్కూటరుకు నుదుటి అంచు, కారుకు మెడ దగ్గరి అంచు గట్టిగా ఉండాలి.

మీ విగ్గు ఎక్కడ బలహీనంగా ఉందో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. విగ్గు పెట్టుకుని టేబుల్ ఫాను ముందు కూర్చోండి. తరువాత ఫానుకు వీపు పెట్టి కూర్చోండి. ఆపైన తల కిందికి వంచి మెల్లగా అటూ ఇటూ ఊపండి. ఫాను గాలి వాహనం మీది గాలి అంత బలంగా ఉండదు. అయినా ఏ అంచు ముందుగా లేస్తుందో తెలిసిపోతుంది.

పట్టు ఎలా తేవాలి?

విగ్గును తిరగేసి చూడండి. మెడ దగ్గర లోపలివైపు రెండు చిన్న పట్టీలు ఉంటాయి. కొన్నిటికి కొక్కేలు, కొన్నిటికి అంటుకునే వెల్‌క్రో ఉంటుంది. వాటిని రెండు వైపులా సమానంగా బిగించండి. విగ్గు కింద చిటికెన వేలు దూరాలి. అంతకంటె బిగిస్తే తలనొప్పి వస్తుంది, నుదుటి మీద గాడి పడుతుంది.

తరువాత ముఖ్యమైనది వెల్వెట్ పట్టీ. రెండంగుళాల వెడల్పు, నూలు అస్తరు గల వెల్వెట్ పట్టీని జుట్టు మొదలయ్యే గీత వెంబడి కట్టుకుని, దాని మీద విగ్గు పెట్టుకోవాలి. వెల్వెట్ నూగు విగ్గు అస్తరును పట్టి ఉంచుతుంది. విగ్గులు అమ్మే చోట ఇవి దొరుకుతాయి. దొరకకపోతే మీ టైలరు చేత కుట్టించుకోవచ్చు. తలకు తగిలే వైపు మెత్తని నూలు గుడ్డ, పైవైపు వెల్వెట్ ఉండాలి. చెమట ఎక్కువగా ఉంటే పట్టీ కింద పలుచని నూలు టోపీ పెట్టుకోండి. రెండు మూడు టోపీలు ఉంచుకుని ఏ రోజుది ఆ రోజు ఉతకండి.

పిన్నులూ, గుచ్చుకునే క్లిప్పులూ మీకు పనికిరావు. కీమోథెరపీ జరుగుతున్న రోజుల్లో తెల్లకణాలూ, ప్లేట్‌లెట్లూ తగ్గే అవకాశం ఉంది. అప్పుడు చిన్న గీరుడు కూడా చీము పట్టవచ్చు, రక్తం కారవచ్చు. మీకు అవి పూర్తయినా, ఇప్పుడు మొలుస్తున్న నూగు జుట్టుకు క్లిప్పు తగిలిస్తే కుదుళ్ళు లాగినట్లవుతుంది.

గమ్ము మంచిదేనా?

చెక్కకూ చెప్పులకూ వాడే గమ్ము తలకు ఎట్టి పరిస్థితిలోనూ రాయకూడదు. చర్మానికని తయారు చేసిన, రెండు వైపులా అంటే టేపు ఉంటుంది. దానిని చిన్న ముక్కలుగా నుదుటి దగ్గరా చెవుల పైనా వాడవచ్చు. అయితే ముందు మోచేతి లోపలి వైపు ఒక ముక్క అంటించి రెండు రోజులు చూడండి. ఎర్రబడినా దురద పుట్టినా వాడవద్దు. తీసేటప్పుడు పీకవద్దు. అంచు వెంట కొంచెం కొబ్బరినూనె రాసి, అయిదు నిమిషాలాగి మెల్లగా ఊడదియ్యండి. పుండ్లు ఉన్నచోటా, రేడియేషను ఇచ్చిన చర్మం మీదా టేపు వద్దు. పట్టీ సరిగా కుదిరితే మీకు టేపు అవసరమే ఉండకపోవచ్చు.

కొంగు కట్టుకుంటే?

కట్టుకోవచ్చు గాని, వేలాడే కొస మాత్రం ఉండకూడదు. ఇసడోరా డంకన్ అనే ప్రఖ్యాత అమెరికన్ నర్తకి 1927 సెప్టెంబరు 14న ఫ్రాన్సులోని నీస్ నగరంలో కప్పు లేని కారెక్కింది. మెడకు చుట్టుకున్న పొడవాటి పట్టు స్కార్ఫు వెనక చక్రంలో చిక్కుకుని లాగెయ్యడంతో ప్రాణాలు కోల్పోయింది. ఆ సంగతి అంత దూరానిదేమీ కాదు. మన ఊళ్ళలో మోటారు సైకిలు చక్రంలో చున్నీ, చీర కొంగు చిక్కుకుని మెడకూ గొంతుకూ గాయాలై ఆసుపత్రులకు వచ్చేవాళ్ళు ఉన్నారు.

అందుచేత కొంగు వద్దు. నలుచదరపు నూలు స్కార్ఫు తీసుకుని మూలగా మడిచి, విగ్గు మీదుగా వేసి, మెడ వెనక ముడి వేసి, కొసలు లోపలికి దోపండి. పట్టుగుడ్డ జారుతుంది, నూలు పట్టుకుంటుంది. స్కార్ఫు పని విగ్గును బిగించడం కాదు. వెంట్రుకలు చెదరకుండా చూడడం. కాబట్టి అదిమేటంత గట్టిగా కట్టనక్కరలేదు.

స్కూటరు మీద హెల్మెట్ తప్పదు

ఈ విషయంలో మీరు చేసిన పని సరి కాదమ్మా. మోటారు వాహనాల చట్టం ప్రకారం నడిపేవారికే కాదు, వెనక కూర్చున్నవారికి కూడా హెల్మెట్ తప్పనిసరి. చట్టం మాట అటుంచినా, ఇంత చికిత్స చేయించుకుని కాపాడుకున్న ప్రాణాన్ని విగ్గు నలుగుతుందని రోడ్డు మీద పణంగా పెట్టవచ్చునా?

విగ్గు మీద హెల్మెట్ పెడితే విగ్గు చెడడమే కాదు, హెల్మెట్ కూడా తల మీద కుదురుకోదు. జారే విగ్గుతో పాటు అదీ జారుతుంది. సులువైన మార్గం ఒకటుంది. నూలు టోపీ పెట్టుకుని, దాని మీద తలకు సరిపోయే హెల్మెట్ పెట్టి, పట్టీ బిగించండి. విగ్గును జాలీ సంచిలో పెట్టి ఒళ్ళో ఉంచుకోండి. దిగిన చోట అద్దం ముందు రెండు నిమిషాల్లో పెట్టుకోవచ్చు. అప్పుడు విగ్గును పట్టుకోవలసిన పని ఉండదు గనుక రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఆపరేషను అయిన వైపు చెయ్యి దారంతా పైకెత్తి ఉంచితే భుజం నొప్పి కూడా వస్తుంది.

మీ అబ్బాయి కారులో

అక్కడికి వెళ్ళాక వెనక సీట్లో కూర్చోకండి. గాలి సుడి ఎక్కువగా ఉండేది అక్కడే. ముందు సీట్లో కూర్చుని, కప్పు తీసినా పక్క అద్దాలు నాలుగూ పైకెత్తించండి. ఇలాంటి కార్లకు సీట్ల వెనక అమర్చే గాలి అడ్డు జాలీ ఒకటి ఉంటుంది. అది పెట్టిస్తే మెడ మీదికి వచ్చే గాలి బాగా తగ్గుతుంది. ఊళ్ళో మెల్లగా తిరిగేటప్పుడు కప్పు తీయించుకోండి. పెద్ద రోడ్డెక్కి వేగం పెరిగాక మూయించండి. కప్పు తెరిచి ఉన్నా సీటు బెల్టు తప్పదు.

తెరిచిన కారుకు పొట్టి విగ్గే నయం. పొడుగుదయితే వదులుగా జడ అల్లి, మెడ దగ్గర ముడి వెయ్యండి. నైలాను వంటి దారంతో చేసిన విగ్గు గాలికి చెదిరినా మళ్ళీ తన రూపానికి వస్తుంది. అసలు జుట్టుతో చేసినది చూడడానికి బాగుంటుంది గాని, గాలికి త్వరగా చిక్కు పడుతుంది. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించిన తలనీలాలు వేలంలో అమ్ముడై ఇలాంటి విగ్గులకే వెళ్తాయి. ఖరీదు ఎక్కువ, సంరక్షణా ఎక్కువే.

ఎండను మరిచిపోకండి. సముద్రపు గాలి చల్లగా ఉంటే ఎండ తెలియదు. కొన్ని కీమో మందుల వల్ల చర్మం ఎండకు త్వరగా కములుతుంది. బయలుదేరడానికి పావుగంట ముందు ముఖానికీ, చెవులకూ, మెడకూ ఎస్.పి.ఎఫ్. 30 గల సన్‌స్క్రీన్ రాసుకోండి.

ఇన్ని చేసినా దారిలో విగ్గు ఊడిందనుకోండి. లేవవద్దు, వెనక్కి వంగి పట్టుకోబోవద్దు. కారు నడుపుతున్న మీ అబ్బాయిని తొందరపెట్టవద్దు. కారు పక్కకు ఆపాక చూసుకోవచ్చు. విగ్గు పోతే మరొకటి వస్తుంది. ముందే అబ్బాయితో, "ఒరే, నాది విగ్గు, గాలికి కాస్త ఇబ్బంది" అని ఒక్క మాట చెప్పి ఉంచండి. మీ చికిత్స సంగతి తెలిసిన బిడ్డ దగ్గర దాచవలసింది ఏముంది?

ఇంటికి వచ్చాక

విగ్గు తీసి స్టాండు మీదో, బోర్లించిన చెంబు మీదో పెట్టండి. పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి దువ్వండి. దారం విగ్గును తడిగా ఉన్నప్పుడు దువ్వకూడదు. దానిని చల్లటి నీళ్ళలోనే ఉతకాలి. పొయ్యి సెగ, వేడిగాలి యంత్రం తగలనివ్వకూడదు. ఎండలో నిలిపి మూసిన కారులో వదిలిపెట్టినా దారం ముడుచుకుపోవచ్చు. తల కడుక్కుని, తడి పూర్తిగా ఆరనిచ్చి, రాత్రి పూట తలకు గాలి తగలనివ్వండి.

తల మీద చీముపొక్కులు, తగ్గని దురద, పొలుసులు, మంట కనిపిస్తే విగ్గు ఆపి చర్మ వైద్యునికి చూపించండి. జ్వరం కూడా ఉంటే ఆలస్యం చెయ్యక మీ క్యాన్సరు డాక్టరు దగ్గరికే వెళ్ళండి.

మీకు ఈపాటికే నూగు జుట్టు మొలుస్తూ ఉండాలి. ఇంజక్షన్లు ఆపిన కొద్ది వారాల నుంచి ఆరు నెలల లోపు చాలామందికి జుట్టు తిరిగి వస్తుంది. నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మొదట ఉంగరాలుగానో, తెల్లగానో వచ్చినా కంగారు పడకండి. జుట్టు పెరిగే కొద్దీ విగ్గు కొలత మళ్ళీ మారుతుంది. నెలకోసారి మెడ దగ్గరి పట్టీలు సరిచూసుకుంటూ ఉండండి.