ఒక్క సెంటీమీటరు అడ్డు

ఖరగ్‌పూర్‌లో ఏ తెలుగువారి ఇంటికి వెళ్ళినా మాటలు రైల్వేతో మొదలై శ్రీకాకుళంలో తేలతాయి. మథురాకాటిలో నేను కలిసిన రిటైర్డ్ ఫిట్టర్ మాత్రం అట్టపెట్టెతో మొదలుపెట్టారు. ముందుగదిలో సగం దాన్నే ఆక్రమించింది ఓ ఫ్రిజ్ పెట్టె. గోల్‌బజార్ దుకాణంలో అడిగి తెచ్చుకున్నారట. "బొమ్మ వెయ్యడం పెద్ద పని కాదు బాబూ, దాన్ని చెక్కు చెదరకుండా హౌరా దాటించడమే పని" అన్నారు.

ఆయన వేసేవి యార్డు బొమ్మలు. సిగ్నల్ స్తంభాలు, తడిసిన పట్టాలు, వర్క్‌షాపు గేటు దగ్గర సైకిళ్ళ గుంపు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన వేలాది కుటుంబాల్లో ఆయనదొకటి. కొన్నేళ్ళుగా కోల్‌కతాలో బృంద ప్రదర్శనలకు పిలుపులు వస్తున్నాయి. దూరం సుమారు 115 కిలోమీటర్లు. ప్రతి పిలుపులోనూ చివర ఓ వాక్యం ఉంటుంది: రవాణా ఖర్చు, బాధ్యత కళాకారులవే.

ఆ వాక్యాన్ని చాలామంది చదవకుండా దాటేస్తారు. నాకు మాత్రం ప్రదర్శనలో ఎవరుంటారో, ఎవరుండరో తేల్చేది అదేననిపిస్తుంది. పెద్ద మ్యూజియంలు బొమ్మను పంపేటప్పుడు 'మేకు నుంచి మేకు దాకా' బీమా చేయిస్తాయి. అంటే ఈ గోడమీది మేకు నుంచి దించిన క్షణం మొదలు ఆ గోడకు వేలాడి, మళ్ళీ ఈ గోడకు చేరేదాకా. అవసరమైతే పెట్టెతో పాటు ఓ మనిషిని కూడా పంపుతాయి. మన ఫిట్టర్‌గారు చెక్క పెట్టె చేయించడానికి ప్యాకర్లను అడిగితే, వాళ్ళు చెప్పిన ధర ఆయన బొమ్మకు ఆశించిన ధరకు దగ్గర్లో ఉందట.

రైల్వే పార్సిల్ ఉంది కదా అనవచ్చు. రైల్వే మనిషికి ఆ సంగతి మనకన్నా బాగా తెలుసు. 1989 రైల్వే చట్టం కింద సరుకు విలువను ముందుగా ప్రకటించి, దానిపై అదనపు రుసుము కట్టకపోతే నష్టపరిహారం తూకం లెక్కన ఇస్తారు. పార్సిల్‌కు కిలోకు 50 రూపాయలు. ఆరు కిలోల బొమ్మ చిరిగితే 300. ఆయిల్ పెయింటింగయినా, ఆరు కిలోల ఉల్లిపాయలయినా ఒకటే లెక్క. పైగా ప్యాకింగ్ సరిగా లేదని తేలితే రైల్వే నిర్లక్ష్యాన్ని మనమే రుజువు చేసుకోవాలి. చట్టం కూడా చివరికి అట్టపెట్టె దగ్గరికే వచ్చి ఆగుతుంది.

కాబట్టి బొమ్మను వెంట తీసుకెళ్ళాలి. అక్కడా ఓ కొలత ఉంది. ప్రయాణికుల పెట్టెలోకి అనుమతించే సామాను 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు దాటకూడదు. ఏసీ త్రీటైర్‌లో ఇంకా తక్కువ. ఇప్పుడు దుకాణాల్లో తయారుగా దొరికే కాన్వాసు సైజు చూడండి: 24 అంగుళాలకు 36. సెంటీమీటర్లలో 61కి 91. ఇంకా ఏమీ చుట్టకముందే ఒక్క సెంటీమీటరు ఎక్కువ! లోకల్‌లో టేపు పట్టుకుని ఎవరూ కొలవరు, నిజమే. కానీ ముప్ఫై ఏళ్ళు రైల్వేలో పనిచేసిన మనిషి టీసీ ముందు ఆ ధైర్యం చెయ్యరు. అందుకని ఆయన 20కి 30 అంగుళాల కాన్వాసుకు దిగారు. అంచులకు మెత్త వేశాక పెట్టె 58కి 84 సెంటీమీటర్లు వచ్చింది. 25 ఎత్తులో నాలుగు బొమ్మలు నిలువుగా పడతాయి.

ఈ పెట్టె మొదటి ప్రయత్నం కాదు. ఓ ఏడాది మే నెలలో అక్రిలిక్ రంగులతో వేసిన బొమ్మకు బబుల్ ర్యాప్ చుట్టి, బుడగలు లోపలికి పెట్టి తీసుకెళ్ళారు. అక్రిలిక్ పొర వేడికి మెత్తబడుతుంది. విప్పి చూస్తే ఆకాశం నిండా వరుసగా గుండ్రటి మచ్చలు. "చూసినోళ్ళు కొత్త టెక్నిక్ అనుకున్నారు" అని ఆయన నవ్వారు గానీ, ఆ బొమ్మ ఇప్పటికీ మంచం కిందే ఉంది. ఇంకోసారి పాత దినపత్రికలు వాడితే అచ్చు సిరా తెల్లరంగుకు అంటింది. బెంగాల్ తేమలో గాలాడకుండా ప్లాస్టిక్ బిగించి నెలల తరబడి ఉంచితే బూజు సరేసరి.

ఇప్పటి పద్ధతిలో రంగును తాకేది ఏదీ లేదు. బొమ్మ నాలుగు మూలలకూ అట్టను మడిచి తొడుగులు వేస్తారు. అవి ముందువైపు కాస్త ఎత్తుగా ఉండటంతో పైన కప్పిన బట్టర్ పేపరు గాలిలో నిలుస్తుంది. దానిపై ఉతికిన పాత నూలుచీర ముక్క. పెట్టె గోడలకు రెండేసి అట్టలు. ఒకదాని గాళ్ళు నిలువుగా, రెండోదానివి అడ్డంగా వచ్చేలా జిగురుతో అతికిస్తారు. అట్ట గాళ్ళ వెంబడే మడత పడుతుంది కాబట్టి, ఇలా వేస్తే ఏ వైపూ వంగదు. క్యారేజీ షాపులో నేర్చిన బుద్ధి అన్నమాట. పిడికి మంచం నవారు. వానకు బయట ప్లాస్టిక్ షీటు, అదీ చేరగానే తీసేయాలి. అద్దం బిగించిన ఫ్రేమైతే అద్దంపై అడ్డదిడ్డంగా టేపు వేస్తారు. పగిలినా పెంకులు కాగితాన్ని కోయవు. కొనవలసి వచ్చింది జిగురు, టేపు, ఫోమ్ షీటు, బట్టర్ పేపరు మాత్రమే.

అసలు తెలివి తిరుగు ప్రయాణంలో ఉంది. ప్యాకింగ్ గురించి ఆలోచించేవాళ్ళంతా పోవడం గురించే ఆలోచిస్తారు. అమ్ముడుపోని బొమ్మ ఇంటికి రావాలి కదా! (చాలావరకు వచ్చేస్తాయి.) ఓ గ్యాలరీలో కుర్రాడు బ్లేడుతో టేపు కోస్తూ కాన్వాసునూ కోశాడు. ముగిశాక పెట్టె ఎక్కడని అడిగితే చెత్తలో పడేశామన్నారు. బొమ్మ దుప్పట్లో చుట్టుకుని తిరిగొచ్చింది. అప్పటినుంచి ఈయన పెట్టెకు అతుకు లేదు. మూత జారుతుంది, నవారు కట్టుతో బిగుస్తుంది. మూత లోపల బొమ్మల వరుస గీసి, బెంగాలీలోనూ ఇంగ్లీషులోనూ 'కోయవద్దు, పారేయవద్దు' అని రాశారు. నేను చూసేసరికి అది మూడుసార్లు వెళ్ళివచ్చింది.

ఇంత తంటా అవసరం లేనివాళ్ళు ఈ జిల్లాలోనే ఉన్నారు. పింగ్లా బ్లాకులో నయా గ్రామపు చిత్రకారులు కాగితాలు జతచేసి, వెనక పాతచీర అతికించి పటం వేస్తారు. చుట్టి చంకన పెట్టుకుని ఊరూరా విప్పుతూ పాడతారు. మన చేర్యాల నకాషీ పటాలదీ అదే దారి. బొమ్మే పెట్టె. మరి కాన్వాసునూ చుట్టవచ్చుగా అని అడిగాను. చుట్టవచ్చు, లావుపాటి పీవీసీ గొట్టం మీద, రంగు పైకి ఉండేలా. లోపలికి చుడితే రంగు నలిగి ముడత పడుతుంది. కానీ అక్కడికెళ్ళి మళ్ళీ చట్రానికి బిగించాలి, గ్యాలరీవాళ్ళేమో మేకుకు తగిలించడానికి సిద్ధంగా తెమ్మంటారు.

బయల్దేరే ముందు స్టాండు మీదున్న కొత్త బొమ్మ చూశాను. యార్డులో సాయంత్రం. సిగ్నల్ స్తంభం పైభాగం కనబడటం లేదు, చెయ్యి సగంలో తెగిపోయింది. కావాలనే అలా వేశారా అన్నాను.

"మొదట పొడుగ్గానే గీశాను బాబూ" అన్నారాయన, పెన్సిలుతో పెట్టెవైపు చూపిస్తూ. "అందులో పట్టదు."