నడిచేవారి రాజవీథి

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో, పురపాలక భవనం ఎదుటి చౌకు నుండి 'రాజుగారి కొత్త చౌకు' వరకు సుమారు 1.1 కిలోమీటర్ల పొడవున ఒక అంగడివీధి సాగుతుంది. అక్కడివారు దానిని స్ట్రోయెట్ అంటారు. నిజానికి అది ఒక్క వీధి కాదు. ఒకదాని కొసను మరొకటి అందుకొంటూ పోయే పాత వీధుల, చౌకుల వరుస. 1728లోనూ, 1795లోనూ చెలరేగిన మహాగ్నిప్రమాదాలలో పాత నగరంలో చాలా భాగం దగ్ధమైపోయింది. అయినా ఈ వీధిలోని అమాయర్‌టోర్వ్ చౌకులో 1616 నాటి ఇటుకల మేడ ఒకటి నేటికీ నిలిచి ఉంది.

వీధి ప్రాచీనమైనదే గాని, దాని కీర్తి మాత్రం ఇటీవలిది. ఇరవయ్యవ శతాబ్ది మధ్యనాటికి ఆ ఇరుకుదారి కార్లతో కిక్కిరిసి, నడిచేవారు గోడల పక్కకు ఒదిగిపోవలసి వచ్చేది. క్రిస్మస్ వేళ కొద్ది రోజులు మాత్రమే వాహనాలను నిలిపేవారు. 1962 నవంబరు 17న నగరపాలకులు ప్రయోగాత్మకంగా వీధి మొత్తాన్ని పాదచారులకు అప్పగించారు. వర్తకులు కలవరపడ్డారు. కారు రానిచోటికి కొనుగోలుదారు రాడన్నారు. వీధులలో కాలక్షేపం చేయడానికి తాము ఇటలీవారము కామనీ, ఈ చలిదేశంలో అటువంటి వేడుకలు చెల్లవనీ వాదించినవారూ ఉన్నారు. ఒక జాతికి ఒక అలవాటు లేకపోవడానికి కారణం ఆ జాతి స్వభావమా, లేక ఆ అలవాటుకు తగిన చోటు లేకపోవడమా అన్న ప్రశ్న వారికి తోచలేదు. మొదటి ఏడాదిలోనే నడిచేవారి సంఖ్య సుమారు 35 శాతం పెరిగింది. 1964లో ఏర్పాటు శాశ్వతమయింది.

ఈ మార్పును శ్రద్ధగా పరిశీలించినవాడు యాన్ గేల్ అనే వాస్తుశిల్పి. ఎంతమంది నడిచారన్న లెక్కతో అతడు తృప్తిపడలేదు. ఎవరు ఎక్కడ ఆగారు, ఎక్కడ కూర్చున్నారు అని గమనించాడు. బ్యాంకుల ముందు, కార్యాలయాల ముందు జనం ఆగడం లేదు. బొమ్మల అంగడి ముందు, పత్రికల దుకాణం ముందు ఆగుతున్నారు. అన్నిటికంటె ఎక్కువగా సాటి మనుషులను చూడడానికే ఆగుతున్నారు. మన ప్రబంధకవులు పురవర్ణనలో కోటలతో, మేడలతో పాటు వీధిలో పూలమ్మే పుష్పలావికలను కూడ వర్ణించడంలోని ఔచిత్యం ఇక్కడ స్ఫురిస్తుంది.

నగరపాలకులు తొందరపడలేదు. 1962లో సుమారు 15,800 చదరపు మీటర్లుగా ఉన్న పాదచారుల ప్రదేశం 2000 నాటికి లక్ష చదరపు మీటర్లకు చేరువయింది. నగర మధ్యంలో కార్లు నిలిపే చోట్లను ఏటా రెండు మూడు శాతం చొప్పున తగ్గిస్తూ వచ్చారు. ప్రజలకు ఆ మార్పు ఒక్కసారిగా మీదపడినట్లు అనిపించలేదు.

అయితే ఈ విజయాన్ని వ్యాపారవృద్ధితో మాత్రమే కొలవడం సమంజసం కాదు. అమాయర్‌టోర్వ్‌లో 1894 నాటి కొంగల ఫౌంటెన్ ఉంది. పసిపిల్లలను కొంగ తెస్తుందని ఐరోపావారి జానపద విశ్వాసం. అందుచేత కాబోలు, కొత్తగా పట్టా పొందిన మంత్రసానులు దాని చుట్టూ నృత్యం చేయడం 1950 నుండి ఆచారంగా వస్తున్నది. ఆ నృత్యం వల్ల ఏ దుకాణానికీ లాభం లేదు, చూడడానికి రుసుమూ లేదు. ఆ ఫౌంటెన్ మెట్ల మీద కూర్చున్నవారిని ఏమి కొన్నారని ఎవరూ అడగరు. స్ట్రోయెట్ నిజమైన సంపద ఇదే.

ఈ సంపదకే ఇప్పుడు ముప్పు ఉంది. జనం పెరిగితే అద్దెలు పెరుగుతాయి. అద్దెలు పెరిగితే చిన్న వర్తకుడు పక్కసందులకు తొలగిపోతాడు. లండన్‌లో, ప్యారిస్‌లో కనిపించే పెద్ద సంస్థల నామఫలకాలే ఇక్కడా వరుసగా కనిపిస్తున్నాయి. కాఫీ దుకాణాల కుర్చీలు ఆక్రమించినకొద్దీ, డబ్బు చెల్లించకుండ కూర్చునే చోటు కుదించుకుపోతుంది. కారును వెళ్లగొట్టి సంపాదించిన స్థలాన్ని అంగడికి ధారపోయడం న్యాయం కాదు. అద్దెలను అదుపు చేయడం సులభం కాకపోవచ్చు. కాని ఎవరైనా కూర్చోదగిన బల్లలకు చోటు మిగల్చడం నగరపాలకుల చేతిలోని పనే. 1962లో అంతటి అభ్యంతరాన్ని కాదని నిలిచిన నగరానికి అది పెద్ద పనేమీ కాదు.