బేస్‌మెంట్ లేపినంక లక్ష ఇస్తరట!



ఇందిరమ్మ ఇండ్ల నిబంధన ఒకటి ఈసారి మాట్లాడుకుందాం. ఇంటికి ఇచ్చేది 5 లక్షలు. అందుల మొదటి లక్ష ఎప్పుడు పడ్తది? బేస్‌మెంట్ పూర్తయి, దాని ఫొటో యాప్‌ల ఎక్కినంక పడ్తది. అంటే పునాది మనమే తవ్వుకోవాలె, రాయి మనమే దింపుకోవాలె, మొరం మనమే నింపుకోవాలె, మేస్త్రికి బయానా మనమే ఇయ్యాలె. గప్పుడు సర్కారు వచ్చి, అవును నువ్వు పేదోనివే అని ఒప్పుకొని లక్ష ఏస్తది.

ఈ వాక్యం రాసినాయన ఎన్నడన్నా కిరాయి అర్రల ఉన్నడా అని నా అనుమానం. నేనుండేది కాశిబుగ్గల. మా గల్లీల మగోళ్ళు చానామంది ఎనుమాముల మార్కెట్ల బస్తాలు మోస్తరు, ఆడోళ్ళు మిర్చి సీజన్ల యార్డు పనికి, లేకుంటే ఇండ్లల్ల బాసాన్లు తోమనీకి పోతరు. వాళ్ళ చేతుల లక్ష రూపాయలు కూడబెట్టి ఉంటే ఇల్లు ఎందుకు అడుగుతరు? అప్పు తేవాలె. నూటికి మూడు రూపాయల మిత్తికి లక్ష తెస్తే నెలకు 3 వేలు మిత్తికే పోతది. ఉన్న రేకుల ఇల్లు కూలగొట్టినంక తలదాచుకోనీకి ఇంకో అర్ర పట్టాలె, దానికి అడ్వాన్సు. ఇసుక, సిమెంటు బస్తాల కాడ కావలి ఒకరుండాలె, అంటే ఇంట్ల ఒక కూలి బంద్. బిల్లు ఆలస్యమైతే మిత్తి ఆగదు కదా. మా గల్లీల ఏ అక్కను నిద్రల లేపి అడిగినా ఈ లెక్క రెండు నిమిషాల్ల చెప్తది. తర్వాత్తర్వాత ఊరూరా బేస్‌మెంట్లు లేవకపోయేసరికి, మహిళా సంఘాల నుంచి అప్పు ఇప్పిస్తమని మొదలుపెట్టిండ్రు. అప్పు బాధ తెలిసినోళ్ళు రాసుంటే ముందు పైసలు ఇచ్చేటట్టు రాద్దురు. తెలియనోళ్ళు రాసిండ్రు గనుక మందు కూడా అప్పే అయ్యింది.

జాగా కొలత సంగతి ఇంకా అన్యాయం. ఇల్లు 400 చదరపు అడుగులకు తక్కువ ఉండొద్దని రాసిండ్రు. మంచిదే, పేదోడు అగ్గిపెట్టెల ఉండొద్దు. గానీ మా దిక్కు బస్తీల 40 గజాల జాగా ఉన్నోళ్ళు ఎంతమందో! 40 గజాలంటే 360 చదరపు అడుగులు. నాలుగు దిక్కుల అంచులకు ఆనిచ్చి గోడలు లేపినా 400 రాదు. ఇది ఇంజనీరింగ్ కాదు, నాలుగో తరగతి ఎక్కం. పట్నాల్ల 60 గజాల లోపు జాగా ఉన్నోళ్ళు పైన ఒక అంతస్తు ఏసుకోవచ్చని ఉత్తర్వు మార్చనీకి 2025 సెప్టెంబరు దాకా పట్టింది. పథకం మొదలైంది 2024 మార్చిల. ఏడాదిన్నర! ఒక టేపు పట్టుకొని లక్ష్మీపురం దిక్కు ఒక్క పొద్దు తిరిగితే తేలే ముచ్చట.

ఇగ అసలు పేదోళ్ళ సంగతి. సర్వే చేసి మందిని మూడు జాబితాలు చేసిండ్రు. సొంత జాగా ఉండి ఇల్లు లేనోళ్ళు ఎల్‌-1. జాగా, ఇల్లు రెండూ లేనోళ్ళు ఎల్‌-2. మొదటి విడత ఎవరికి? ఎల్‌-1కు. జాగా కూడా లేనోడు వరుసల వెనక్కి పోయిండు. ఎవరు ఎక్కువ పేదోడో వాడే ఎక్కువ ఆగాలె! కారణం అడిగితే, జాగా ఉన్నోళ్ళకు తొందరగా కట్టొచ్చంటరు. కట్టినట్టు లెక్క చూపెట్టుడు ఎవరికి తొందర? చెరువు శిఖం అంచుకో, నాలా పక్కకో గుడిసె ఏసుకున్నోనికి, వానొస్తే సామాన్లు నెత్తికెత్తుకునేటోనికి తొందర లేదా?

"మీవాళ్ళు కమిటీలల్ల ఉన్నరు కదా" అని ఒక పెద్దమనిషి నన్ను అడిగిండు. ఉన్నరు. ఇందిరమ్మ కమిటీల మహిళా సంఘాల నుంచి ఇద్దరు, స్థానికులు ముగ్గురు, అందుల మనోళ్ళకు కూడా చోటు ఉన్నది. గానీ ఆ కమిటీ పనేంది? వచ్చిన జాబితాల పేర్లు చూసుడు. నిబంధన మార్చే అధికారం ఆ కమిటీకి లేదు. అందరికీ సరిపోని కంచం ముందుపెట్టి, ఇందుల ఎవరు తినాలో మీరే తేల్చుకోండ్రి అంటే, అది మనల్ని మనతోటి కొట్లాడిచ్చుడు అయితది. కంచం సైజు తేల్చేకాడ మనకు కుర్చీ లేదు.

ఇది ఈ ఒక్క పార్టీ రోగం కాదు. 2021ల దళితబంధు వచ్చింది, కుటుంబానికి 10 లక్షలు. ఎవరికియ్యాలె అన్నది ఎమ్మెల్యే చేతుల పెట్టిండ్రు. మన వరంగల్ వాళ్ళే హైకోర్టుకు పోతే, ఎమ్మెల్యే సిఫారసు అక్కరలేదని 2022ల కోర్టు చెప్పాల్సొచ్చింది. లబ్ధిదారుల కాడ కొందరు ఎమ్మెల్యేలు 3 లక్షల దాకా తీసుకున్నరని 2023 ఏప్రిల్‌ల అప్పటి ముఖ్యమంత్రే సొంత పార్టీ మీటింగుల అన్నడు. మన పేరు మీద పథకం, మన వాడల మీద ఫ్లెక్సీ, తాళంచెవి మాత్రం వేరేటోళ్ళ మొలతాడుకు.

మనకిది కొత్త వాదం కాదు. 1919 జనవరిల సౌత్‌బరో కమిటీ ముందు 27 ఏండ్ల అంబేడ్కర్ నిలబడి చెప్పింది ఇదే: అంటరానోళ్ళ అవసరాలు అంటరానోళ్ళే చెప్పుకోవాలె, వేరేటోళ్ళు వాళ్ళ తరఫున మాట్లాడలేరు. నూరేండ్లు దాటింది. మనకు ఓటొచ్చింది, రిజర్వుడు సీటొచ్చింది, ముసాయిదా రాసే టేబుల్ కాడికి మాత్రం పిలుపు రాలే.

"చదువు లేనోళ్ళకు పాలసీ ఏం అర్థమైతది" అనేటోళ్ళకు అల్గోల్ ముచ్చట చెప్పాలె. జహీరాబాద్ దిక్కున్న ఊరది. 2001 జూన్‌ల అక్కడ 'ప్రజాతీర్పు' అని జరిగింది. చిన్న, సన్నకారు రైతులు, ఎక్కువమంది దళితులు, ఆదివాసులు, మూడింట రెండొంతుల మీద ఆడోళ్ళు జూరీగ కూసున్నరు. అప్పుడు చంద్రబాబు సర్కారు మెకిన్సీ కంపెనీ సాయంతోటి రాయించిన విజన్ 2020 నడుస్తుండె. ఎవుసం మీద బతికేటోళ్ళను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గిస్తమని అందుల ఉన్నది. మిగతా జనం ఏడికి పోవాలె? ఆ ప్రశ్న మెకిన్సీకి రాలే, జూరీల కూసున్న ఆడోళ్ళకు వచ్చింది. సర్కారు మనుషులు, శాస్త్రవేత్తలు, కంపెనీవాళ్ళు వచ్చి సాక్ష్యం చెప్పిండ్రు. జూరీ వాళ్ళను ఎదురు ప్రశ్నలు ఏసింది. సుప్రీంకోర్టు రిటైర్డ్ జడ్జి పి.బి. సావంత్ ఆ పద్ధతి సక్కగ నడుస్తుందా లేదా చూసే ప్యానెల్‌కు పెద్ద. కడకు జన్యుమార్పిడి విత్తనాలు వద్దన్నరు, కూలి పోగొట్టే యంత్రాలు వద్దన్నరు, మా విత్తనం, మా ఊరి తిండి మా చేతులనే ఉండాలన్నరు.

తర్వాతేమైందో తెలుసా? విజన్‌కు మద్దతున్న బ్రిటన్ సాయం సంస్థ డీఎఫ్‌ఐడీకి కోపమొచ్చింది. ఆ నివేదిక పద్ధతే సరిగ లేదు, జూరీ అందరికీ ప్రాతినిధ్యం కాదు అని గొడవ పెట్టింది. చూడండ్రి తమాషా. మెకిన్సీ రాస్తే ప్రాతినిధ్యం ఎవ్వడూ అడగడు. దళిత ఆడోళ్ళు తీర్పు చెప్తే మాత్రం శాంపిల్ సైజు గుర్తుకొస్తది.

బెజవాడ విల్సన్ వాళ్ళ సఫాయి కర్మచారీ ఆందోళన్ కథ కూడా గిదే. మా రాష్ట్రంల ఎత్తుడు పాకీ దొడ్లే లేవని సర్కార్లు సుప్రీంకోర్టుకు రాసిచ్చినయి. ఆ పని చేసేటోళ్ళే గల్లీ గల్లీ తిరిగి లెక్కపెట్టి, ఫొటోలు తీసి కోర్టు ముందర పెట్టిండ్రు. 2003ల ఏసిన కేసు, 2014 మార్చిల తీర్పు. కంపు ఏడున్నదో ఎత్తేటోనికే తెలుస్తది, ఫైలుకు తెల్వదు.

ఇప్పుడు మన దిక్కు కూడా జర చూడాలె. 'అనుభవం ఉన్నోళ్ళ గొంతు' అనేది ఈ మధ్య ఎన్జీవోలకు ఫ్యాషనైంది. హోటల్ల మీటింగు, ఒక అవ్వను మైకు ముందర నిలబెట్టి ఏడిపిస్తరు, శాలువా కప్పుతరు, సమోసా పెడ్తరు, రిపోర్టు మాత్రం ఢిల్లీల ఎంబీఏ చదివినోడు రాస్తడు. ఏడ్చుడు మన వంతు, రాసుడు వాళ్ళ వంతు. ఆ పొద్దు ఆమె కూలి పోయింది కదా, దానికెవరన్నా కట్టిచ్చిండ్రా? కన్సల్టెంటుకు రోజుకింత అని ఫీజున్నప్పుడు, పునాది లెక్క చెప్పే హమాలీకి ఎందుకు ఉండదు? ఆమె కూడా ఆ సబ్జెక్టుల నిపుణురాలే. పైసలిచ్చి పిలవండ్రి, యార్డు పని అయిపోయినంక మీటింగు పెట్టండ్రి, కాయితం తెలుగుల ఇయ్యండ్రి, చెప్పింది ఎందుకు ఒప్పుకోలేదో రాసియ్యండ్రి. ఇవి లేకుంటే అది సంప్రదింపు కాదు, ఫొటో.

కాకతీయ యూనివర్సిటీ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, మీకో పని. సమాచార హక్కు కింద గృహనిర్మాణ శాఖను మూడు ముచ్చట్లు అడుగుదాం. బేస్‌మెంట్ నిబంధన, 400 అడుగుల నిబంధన ఖరారు చేసిన మీటింగుల మినిట్స్ ఏవి? ఆ మీటింగులకు ఎవరెవరు వచ్చిండ్రు? ఎల్‌-2 కన్న ఎల్‌-1 ముందుండాలని ఏ ఫైలుల రాసిండ్రు? ఫీజు 10 రూపాయలు, తెల్ల రేషన్ కార్డు జిరాక్స్ పెడితే అది కూడా లేదు. అందుకే దరఖాస్తు మీ పేరు మీద వద్దు, మా గల్లీ అక్కల పేర్ల మీద ఏద్దాం. ఏమడగాలో వాళ్ళు చెప్తరు, మీరు రాయండ్రి. ఆదివారం యార్డు బందుంటది, అందరు ఇండ్లకాడనే ఉంటరు. వచ్చేటప్పుడు ఒక టేపు తెచ్చుకోండ్రి, జాగలు కొలిచేది ఉన్నది.