ఓడిపోయే హక్కు

నాకు ఫుట్‌బాల్ గురించి తెలిసింది చాలా తక్కువ. ముప్ఫై ఏళ్ళుగా హైస్కూళ్ళలో తెలుగు చెప్తున్నాను. అయినా కిందటేడు ఆగస్టు నుంచి నవంబరు దాకా ఐదు ఆదివారాలు ఎండలో గ్రౌండు పక్కన నిలబడి ఫుట్‌బాల్ చూశాను. కారణం మరేం లేదు. ఆడపిల్లల జట్టు పొరుగూరు వెళితే వెంట ఒక టీచరమ్మ వుండాలి. మా స్కూల్లో ఆట నేర్పేది డ్రిల్లు మాస్టారు. నేను వెళ్ళింది కాపలాకి. అలా అనుకునే వెళ్ళాను.

మా చుట్టుపక్కల ఆరు స్కూళ్ళ వాళ్ళు కలిసి ఆడపిల్లల కోసం ఈ పోటీలు పెట్టుకున్నారు. ప్రతి జట్టూ మిగిలిన ఐదింటితో ఒక్కోసారి ఆడాలి. మా పిల్లలు ఐదు ఆటలూ ఓడిపోయారు. 0–7, 0–5, 1–6, 0–3, 1–2. వేసిన గోల్స్ 2, ఇచ్చిన గోల్స్ 23. ఆరు జట్లలో ఆరో స్థానం.

డిసెంబరులో స్కూలు కమిటీ మీటింగు జరిగింది. అందులో ఒక పెద్దమనిషి లేచి, "23 గోల్స్ ఇచ్చుకుని వచ్చిన జట్టుకి మళ్ళీ బస్సు ఛార్జీలెందుకండీ? స్కూలు పరువు పోతోంది. ఆ డబ్బుతో మగపిల్లలకి వాలీబాల్ నెట్టు కొనండి" అన్నాడు. చాలామంది తలలూపారు. మా మగపిల్లల కబడ్డీ జట్టు మూడేళ్ళుగా మండల పోటీల్లో మొదటి ఆటకే ఇంటికి తిరిగొస్తోంది. ఆ జట్టుని తీసెయ్యమని ఎవరూ అనలేదు. మగపిల్లలు ఓడితే "వచ్చే ఏడు చూసుకుందాంలే" అంటారు. ఆడపిల్లలు ఓడితే "మనకెందుకమ్మా ఈ ఆటలు" అంటారు.

ఇంత తెలిసీ ఆ రోజు నేను నోరు మెదపలేదు. స్త్రీల హక్కుల గురించి వేదికలెక్కి మాట్లాడే దాన్ని, హెడ్మాస్టరు ఎదురుగా కూర్చున్నాననో, ఓడిన జట్టుని ఎలా సమర్థించాలో తెలియకో, వూరుకున్నాను. మాట్లాడింది మా గోల్‌కీపరు తల్లి. రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది. ఆ పూట కూలి పోగొట్టుకుని వచ్చింది. "నా కూతురు ఓడిపోయి వచ్చింది గాని తప్పు చేసి రాలేదు కదండీ. దానికెందుకు శిక్ష?" అంది. జవాబు చెప్పలేక విషయాన్ని జూన్‌కి వాయిదా వేశారు. ఆ రోజు నేను అనాల్సిన మాటలు ఇక్కడ రాస్తున్నాను.

అసలు మా పిల్లలెందుకు ఓడిపోయారు? ఆట తెలియని దాన్ని కనక పక్కన కూర్చుని లెక్కలు రాసుకున్నాను. మొదటి మూడు ఆటల్లో మా వాళ్ళిచ్చిన 18 గోల్స్‌లో 15 విరామం తర్వాత పడ్డవే. సగం ఆట దాకా నిలబడిన పిల్లలు తర్వాత ఒక్కొక్కరే నడుం పట్టుకుని ఆగిపోయేవాళ్ళు. "స్టామినా లేదండీ" అన్నారు డ్రిల్లు మాస్టారు. ఆ స్టామినా ఎక్కడికి పోయిందో కనుక్కుందామని మూడో ఆట అయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టి అడిగాను.

పదమూడు మందిలో తొమ్మిది మంది పొద్దున్న టీ తాగి వచ్చారు, అంతే. ఆదివారం స్కూల్లో మధ్యాహ్న భోజనం వుండదు. ఏడింటి బస్సు అందుకోవాలంటే అంతకుముందే అంట్లు తోమి, నీళ్ళు పట్టి, వాకిలి చిమ్మి రావాలి. "ఆట వుందని పని మానేస్తే ఆటే మాన్పిస్తారు టీచర్" అంది ఒక పిల్ల. ఇంకో సంగతి విని నాకు నోట మాట రాలేదు. చాలామంది పొద్దుట్నించీ మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. గ్రౌండు దగ్గర బాత్రూం వుండదు. నీళ్ళు తాగకపోతే వెళ్ళాల్సిన అవసరం రాదు. బహిష్టు రోజుల్లో వున్న పిల్లలైతే ఏదో ఒక వంక చెప్పి ఇంట్లోనే ఆగిపోయేవాళ్ళు. ఎండలో గంటసేపు పరిగెత్తాల్సిన పిల్లలు ఎండిన గొంతుతో, ఖాళీ కడుపుతో పరిగెత్తుతున్నారు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత వుంది. ఈ అంకెని నేను ఎన్నో మీటింగుల్లో చెప్పాను. అది గ్రౌండు మధ్యలో నడుం పట్టుకుని నిలబడితే మాత్రం గుర్తుపట్టలేకపోయాను.

ఇక ప్రాక్టీసు సంగతి. సాయంత్రం నాలుగున్నరకి గ్రౌండంతా మగపిల్లలది. అలాగని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు, అయినా అదే రివాజు. ఆడపిల్లలకి వారానికి మూడు రోజులు, రోజుకి నలభై నిమిషాలు, గోడ వారన ఒక మూల. ఒకటే బంతి. ఆ తర్వాత ఇంటి పని పిలుస్తుంది. ఇంట్లో శ్రమని ఎవరి మీద ఎంత వేశామో ఆ స్కోరు చూస్తే తెలుస్తుంది. ఆ 23 గోల్స్‌లో కొన్ని మన ఇళ్ళలో పడ్డవి, కొన్ని స్కూలు ఆఫీసులో పడ్డవి.

నాలుగో ఆటకి పల్లీ ఉండలు, అరటిపళ్ళు పట్టుకెళ్ళాం. అక్కడి స్కూలు వాళ్ళనడిగి స్టాఫు బాత్రూం తాళం తీయించాం. చివరి రెండాటల్లో విరామం తర్వాత మా వాళ్ళిచ్చిన గోల్స్ రెండే. అరటిపండు తింటే గోల్స్ ఆగిపోతాయని నేననడం లేదు. ఆ రెండు జట్లూ కొంచెం బలహీనమైనవేమో కూడా. అయినా మా వాళ్ళు ఓడిపోయారు. కాని ఆఖరి విజిల్ దాకా పరిగెత్తి ఓడిపోయారు.

తిరుగు బస్సులో ఓదారుద్దామని వెళితే పిల్లలు నవ్వుకుంటున్నారు. గోల్‌కీపరు అంది: "ఇంట్లో గట్టిగా అరిస్తే తిడతారు టీచర్. ఇక్కడ అరవకపోతే మాస్టారు తిడతారు." ఆ మాటకి బస్సంతా నవ్వింది. ఆ పిల్లలకి ఆట ఏమిస్తోందో నాకు అప్పుడు తెలిసింది. గొంతెత్తడం, ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోవడం, కింద పడి లేవడం, పదిమంది చూస్తుండగా ఓడిపోయి మళ్ళీ వారం అదే గ్రౌండులోకి రావడం. ఇవన్నీ మనం శిక్షణ శిబిరాలు పెట్టి నేర్పాలని చూసే విషయాలే కదా!

ఓటమే అసలు అభ్యంతరమా అంటే, చరిత్ర కాదనే చెబుతుంది. 1920 డిసెంబరు 26న ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో డిక్ కెర్ ఫ్యాక్టరీ స్త్రీల జట్టు ఆటకి దాదాపు 53,000 మంది వచ్చారు. ఆ జట్టు ఓడిపోయే జట్టు కాదు. ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబరు 5న, అక్కడి ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల మైదానాల్లో స్త్రీలు ఆడకూడదని తీర్మానించింది. ఆ ఆట ఆడవాళ్ళకి తగదంది. ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్ళు నడిచింది. ఫుట్‌బాలే ప్రాణంగా బతికే బ్రెజిల్ కూడా 1941 నుంచి 1979 దాకా స్త్రీలని ఆ ఆటకి దూరం పెట్టింది. పురుషుల ప్రపంచ కప్పు 1930లో మొదలైతే స్త్రీలది 1991 దాకా రాలేదు. గెలిచి జనాన్ని రప్పిస్తే తగదన్నారు. ఓడిపోతే పరువు పోయిందంటున్నారు. అభ్యంతరం ఫలితం మీద కాదు, మైదానంలో ఆడపిల్ల వుండడం మీదే.

"ఫుట్‌బాల్ మన ఆట కాదు" అన్నారు మీటింగులో ఇంకొకరు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టుని నాలుగో స్థానానికి, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి తీసుకెళ్ళిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు వాడే. ఈనాడు భారత మహిళల జట్టుకి ఆడిన గుగులోత్ సౌమ్య నిజామాబాదు జిల్లా పిల్లే. అయితే ఈ పేర్లు చెప్పి మా పిల్లల్ని కాపాడాలనుకోవడం కూడా పొరపాటే. మా గోల్‌కీపరు రేపు సౌమ్య కాకపోవచ్చు. కాకపోతే ఆడకూడదా?

చట్టం ఏ పతకమూ అడగలేదు. స్త్రీల పట్ల వివక్ష నిర్మూలనకి 1979లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన సీడా ఒప్పందాన్ని మన దేశం 1993లో ధృవీకరించింది. ఆటల్లో, వ్యాయామ విద్యలో పాల్గొనడానికి ఆడపిల్లలకి సమానావకాశం వుండాలని దాని పదో అధికరణం చెబుతోంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి స్కూలుకీ ఆటస్థలం, ఆట సామాను, ఆడపిల్లలకి వేరే మరుగుదొడ్లు వుండాలంది. గెలిచే పిల్లలకే అని ఎక్కడా లేదు.

ఇక మన సంగతి. మన సంస్థలూ తక్కువ తినలేదు. మూడు నెలలకోసారి పంపే రిపోర్టులో "విజయగాథ" అని ఒక పేజీ వుంటుంది. పతకం తెచ్చిన పిల్ల, పెళ్ళి ఆపుకుని ఇంజినీరయిన పిల్ల అందులోకి ఎక్కుతారు. అక్టోబరు రిపోర్టు రాసేటప్పుడు ఈ ఫుట్‌బాల్ జట్టు నా కళ్ళముందే వుంది. నేను రాయలేదు. ఓడిపోతున్న జట్టు గురించి ఏం రాస్తాం అనుకున్నాను. కమిటీలో లేచిన పెద్దమనిషికీ నాకూ ఆ క్షణాన పెద్ద తేడా లేదు. ఆడపిల్ల అసాధారణంగా వుంటేనే ఆమెకి హక్కులుంటాయని మనమూ నమ్ముతున్నామా? మామూలుగా చదివి, మామూలుగా ఆడి, ఓడిపోయే పిల్లల కోసం కాకపోతే హక్కులెవరి కోసం?

జూన్‌లో మళ్ళీ మీటింగు వుంది. ఈసారి నేను అడగబోయేవి నాలుగే. వారానికి మూడు సాయంత్రాలు ఆడపిల్లలకి పూర్తి గ్రౌండు. ఆట రోజు పొద్దున్న తిండి. ఎక్కడికి తీసుకెళ్ళినా తాళం లేని బాత్రూం. ఎన్ని ఆటలు ఓడినా జట్టు వుంటుందని మినిట్స్ పుస్తకంలో ఒక తీర్మానం. మీ మీ వూళ్ళలో ఆడపిల్లల జట్లుంటే వెళ్ళి చూడండి. స్కోరు తర్వాత అడగొచ్చు. పొద్దున్న ఏం తిన్నారో, నీళ్ళు తాగారో లేదో ముందు అడగండి.

ఆ పదమూడు మందిలో నలుగురు పదో తరగతి అయిపోయి వెళ్ళిపోతున్నారు. మిగిలిన తొమ్మిది మంది ఏడో తరగతి పిల్లల్ని పోగు చేసి, సెలవుల్లో చెరువు గట్టున ఆడుతున్నారు. జట్టు వుంటుందో లేదో వాళ్ళకి ఇంకా ఎవరూ చెప్పలేదు.