ముద్ద ముద్దకూ ఒక కార్టూన్

ఇటీవల ఒక పెళ్ళి భోజనంలో నా ఎదుటి వరుసలో రెండేళ్ళ పాపను గమనించాను. తల్లి ముద్ద అందించగానే నోరు తెరుచుకుంటున్నది. కన్నులు మాత్రం సెల్‌ఫోన్‌లోని కార్టూన్‌ను వీడటం లేదు. బొమ్మ ఆగితే నోరు మూతపడుతున్నది. తాను తింటున్నది పప్పన్నమో పెరుగన్నమో ఆ బిడ్డకు తెలిసి ఉంటుందని నేననుకోను.

కార్టూన్ల వలన కీడు అనగానే పత్రికలకెక్కిన సంఘటనలే మనకు స్ఫురిస్తాయి. 1997 డిసెంబరులో జపానులో పోకెమాన్ ధారావాహికలోని ఒక భాగంలో ఎరుపు, నీలి కాంతులు వేగంగా మెరవగా 600 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. కాంతి మెరుపులకు మూర్ఛ వచ్చే తత్త్వం బహు కొద్దిమందికే ఉంటుంది. నా ఆందోళన అటువంటి అరుదైన ప్రమాదాన్ని గురించి కాదు. మూడు పూటలా మన ఇళ్ళలో జరుగుతున్న దానిని గురించి.

"ఫోన్ చూపకపోతే తినడండీ" అని సలహా కోసం వచ్చే తల్లులు అంటూంటారు. నా ఉద్యోగ కాలంలో ఇటువంటి తల్లులే ఆకలి మందు రాయమని అడిగేవారు. వారిని తప్పుపట్టను. పుట్టినప్పుడు 3 కిలోలున్న బిడ్డ ఏడాది నిండేసరికి సుమారు 9 కిలోలకు చేరుతాడు. రెండవ ఏట పెరిగేది 2, రెండున్నర కిలోలే. పెరుగుదల మందగించినప్పుడు ఆకలీ తగ్గుతుంది. ఇది ప్రకృతి ధర్మం, రోగం కాదు. ఈ సంగతి తెలియని తల్లి కంగారుపడుతుంది, నాయనమ్మ మరింత కంగారుపెడుతుంది, చివరకు ఫోన్ వస్తుంది. కడుపు నిండినదని గ్రహించి "చాలు" అనగలగడం పసితనంలోనే అలవడవలసిన విద్య. దానిని మనమే చెరిపివేస్తున్నాము. బరువు పెరగడమే ఆగిపోయిన బిడ్డ సంగతి వేరు, వైద్యునికి చూపించండి.

అంతకంటె పెద్ద నష్టం మాటలకు. తల్లి ఏదో అడుగుతుంది, బిడ్డ వచ్చీరాని మాటతో జవాబిస్తాడు, తల్లి దానికి నవ్వి మళ్ళీ పలుకుతుంది. మాటలు వచ్చేది ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే. కార్టూన్ ఎంత చక్కనిదైనా బిడ్డ జవాబు కొరకు ఆగదు. (వీడియో కాల్‌లో అమ్మమ్మ ఆగుతుంది, దానిని నేను ఈ లెక్కలో వేయను.) మాటలు ఆలస్యం కావడానికి వినికిడి లోపం మొదలు అనేక కారణాలుంటాయి, నెపం ఫోన్ మీదికి నెట్టి పరీక్షలు మానరాదు. అయినా రెండేళ్ళలోపు తెర వద్దనీ, ఐదేళ్ళలోపు రోజుకు గంట మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది ఊరకే కాదు.

ఇంత చెబుతున్న నేనూ మా మనుమడికి ఫోన్ చూపుతూ అన్నం పెట్టినవాడినే. త్వరగా అయిపోతుంది కదా అని. మాన్పించిన మొదటి రెండు రోజులు వాడు ఏడ్చాడు, నాలుగు ముద్దలకే లేచిపోయాడు. ఇంటిల్లిపాదీ నన్ను శత్రువును చూసినట్లు చూశారు. బతిమాలకుండా పళ్ళెం తీసివేశాము. మరుపూట ఆకలితో తానే వచ్చాడు. వారం తిరగకముందే ఒక మధ్యాహ్నం పళ్ళెంలోని వంకాయ ముక్కను వేలితో పక్కకు నెట్టి, "ఇది వద్దు తాతా, పప్పు" అన్నాడు.