ఫిల్టరు ఖర్చు టవరు వారిదే కావాలి

చీమకుర్తి: పగలంతా గ్రానైటు క్వారీలో శ్రమించిన కార్మికునికి, మిరప కోతకు వెళ్లివచ్చిన కూలీకి సాయంత్రం పూట కాస్త కాలక్షేపం టీవీ. అదే ఇంట్లో చదువుకునే పిల్లలకు సెల్‌ఫోనులో ఇంటర్నెట్ కావాలి. రెండూ అవసరమే. ఒకదానికోసం రెండవది చెడకుండా చూడడమే ఇప్పుడు చేయవలసిన పని.

5జి కోసం కేంద్ర ప్రభుత్వం 2022 జులై 26 నుంచి ఆగస్టు 1 వరకు జరిపిన వేలంలో 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్ వరకు గల తరంగాలు కూడా వున్నాయి. కేబులు టీవీ కంట్రోల్ రూములలోని పెద్ద డిష్‌లు ఉపగ్రహం నుంచి ఛానళ్లను అందుకునేది 3700 నుంచి 4200 వరకు. నడుమ గట్టు 30 మెగాహెర్ట్జ్ మాత్రమే.

గట్టు వున్నది గదా, భయమెందుకని అనవచ్చు. ఉపగ్రహం వుండేది సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున. దాని సంకేతం డిష్‌ను చేరేసరికి చాలా బలహీనపడుతుంది. సెల్ టవరు వీధి చివరనే వుంటుంది. డిష్‌కు బిగించే ఎల్.ఎన్.బి.లలో చాలా రకాలు 3400 నుంచే తరంగాలను లోనికి రానిస్తాయి. టవరు హోరు ముందు ఉపగ్రహం మాట వినిపించదు. బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతుంది, లేదా పూర్తిగా ఆగిపోతుంది. ఇంటిపై చిన్న డిష్ పెట్టుకున్నవారిది వేరే తరంగం కనుక వారికి ఈ బెడద లేదు. కాని కంట్రోల్ రూములో ఒక్క డిష్ చెడితే దాని కింద వున్న ఇళ్లన్నీ నష్టపోతాయి.

నివారణ వున్నది. ఎల్.ఎన్.బి.కి ముందు బ్యాండ్‌పాస్ ఫిల్టరు బిగించాలి. వెనుక బిగిస్తే ప్రయోజనం వుండదు. టవరు యాంటెన్నాలను డిష్‌కు ఎదురుగా తిప్పకూడదు.

ఈ ఖర్చు ఎవరు భరించాలన్నదే ప్రశ్న. బ్రిటన్‌లో 2013లో 4జి వచ్చినప్పుడు ఫోను కంపెనీల సొమ్ముతోనే ఇళ్లకు ఉచితంగా టీవీ ఫిల్టర్లు ఇచ్చారు. అమెరికాలో 2021లో ముగిసిన వేలంలో, ముందుగా నమోదైన డిష్ కేంద్రాల ఫిల్టర్ల ఖర్చును తరంగాలు కొన్నవారే భరించాలని నిబంధన పెట్టారు.

కంపెనీలు వేలంలో సొమ్ము కట్టిన మాట నిజమే. అయినా ముందునుంచి వున్నవారికి నష్టం కలిగించే హక్కు దానితో రాదు. ఊరి మంచినీటి బావి పక్కన కొత్త బోరు వేయబోతే 2002 నాటి వాల్టా చట్టం అడ్డుచెబుతుంది. గాలిలోని తరంగాలకూ అదే న్యాయం వర్తించాలి.

కేబులు ఆపరేటర్లు తమ డిష్‌లు ఎక్కడున్నదీ, ఏ దిక్కుకు చూస్తున్నదీ పురపాలక కార్యాలయంలో రాసి ఇవ్వాలి. టవరుకు అనుమతి ఇచ్చే ముందు అధికారులు ఆ జాబితా చూడాలి. సమీపంలో డిష్ వుంటే ఫిల్టరు బిగించాకనే టవరును పని చేయించాలి. బొమ్మ పోయాక కారణం వెదికేకంటే ముందే జాగ్రత్తపడడం అందరికీ మేలు.