వెన్నునొప్పి తపస్సు కాదు

ఉపాసన ఏ స్థితిలో చేయవలెను? నిలబడియా, శయనించియా, కూర్చుండియా? బ్రహ్మసూత్రాల నాల్గవ అధ్యాయం ప్రథమపాదంలో బాదరాయణ మహర్షి ఈ ప్రశ్నను విచారణకు తీసుకున్నారు. ఆసీనుడై చేయవలెనన్నది సిద్ధాంతం. అందుకు శంకర భగవత్పాదులు చూపిన హేతువులు గమనింపదగినవి. నడిచేవాని చిత్తం విక్షిప్తమవుతుంది. శయనించినవానిని నిద్ర ఆవరిస్తుంది. నిలుచున్నవాని మనస్సు దేహాన్ని నిలబెట్టుకొనే పనిలోనే నిమగ్నమై, సూక్ష్మవస్తువును విచారించడానికి అసమర్థమవుతుంది.

ఈ చివరి హేతువును నేటి సాధకునికి అన్వయించి చూడండి. అతడు కూర్చున్నాడు, కానీ నడుము సలుపుతున్నది. పెదవులపై మంత్రమున్నది, మనస్సు మాత్రం నడుము దగ్గర ఉన్నది. ఆచార్యుల తర్కం ప్రకారం అతడు కూర్చుండి కూడా నిలుచున్నవానితో సమానుడే. కనుక నొప్పిని సహిస్తూ కదలక కూర్చోవడమే తపస్సనీ, వెన్నును ఉపేక్షించడమే వైరాగ్యమనీ భావించడం శాస్త్రసమ్మతం కాదని నా అభిప్రాయం. దేహాన్ని మరచిపోవడానికే ఆసనం. క్షణక్షణమూ దేహాన్ని గుర్తుచేసే ఆసనం దేహాభిమానాన్నే పోషిస్తుంది.

మన కోనసీమలో, ఆత్రేయపురం మండలం ర్యాలిలో, జగన్మోహినీ కేశవస్వామి వెలసి ఉన్నాడు. ఏకశిలపై ముందు కేశవుడు, వెనుక మోహిని. భక్తులు స్వామి వెనుక భాగాన్ని కూడా శ్రద్ధగా దర్శించుకొని వస్తారు. అదే భక్తులు తమ వెన్నును మాత్రం నొప్పి వచ్చిన తరువాతనే తలచుకుంటారు! వరినాట్లు, కొబ్బరి ఒలుపు, ముంగిట కల్లాపి, ముగ్గు – ఇక్కడి పనులన్నీ నడుము వంచి చేసేవే. పగలంతా వంగిన ఆ శరీరాన్ని సాయంకాలం సహస్రనామ పారాయణలో గంటసేపు నేలపై కూలబెడతాము. చదునైన నేలపై కూర్చున్నప్పుడు చాలామందికి తుంటి వెనుకకు వాలుతుంది, నడుములోని సహజమైన లోవంపు పోయి వెన్ను విల్లువలె వంగుతుంది. ఆ భారమంతా నడుము కండరాలపైన, వెన్నుపూసల నడుమనున్న డిస్కులపైన పడుతుంది. పరిహారం స్వల్పమే. మడతపెట్టిన దుప్పటిని పిరుదుల క్రింద ఉంచుకొని, మోకాళ్ళు తుంటికన్నా దిగువకు వచ్చేంత ఎత్తు చేసుకుంటే వెన్ను అంతగా శ్రమపడకుండానే నిలుస్తుంది. గీతాచార్యుడు ఆరవ అధ్యాయంలో దర్భలు, జింకచర్మం, వస్త్రం పరచి, మరీ ఎత్తూ పల్లమూ కాని ఆసనాన్ని ముందు అమర్చుకోమన్నాడు. దేహం, కంఠం, శిరస్సు సమరేఖలో నిలపమన్నది ఆ పిమ్మటనే. ఆ క్రమం యాదృచ్ఛికమని నేను అనుకోను.

గ్రంథం విషయమూ ఇంతే. పూర్వం పారాయణ చేసే ఇళ్ళలో వ్యాసపీఠం ఉండేది. పుస్తకం దానిపై నిలిచేది, మెడ అంతగా వంగేది కాదు. నేడు వ్యాసపీఠం అటకెక్కింది, సెల్‌ఫోను ఒడిలోకి దిగింది.

వృద్ధులను బాధించే ప్రశ్న మరొకటి ఉన్నది: కుర్చీలో కూర్చొని జపం చేయవచ్చునా? నేలపై కూర్చోలేని పెద్దలు సత్సంగానికి రావడమే మానుకోవడం, వచ్చినవారు అపరాధం చేసినట్లు వెనుక వరుసలో ముడుచుకొని కూర్చోవడం చూస్తున్నాము. యోగసూత్రాలకు వ్యాసభాష్యం పద్మాసన వీరాసనాదులతోపాటు సోపాశ్రయమనే ఆసనాన్ని కూడా పేర్కొన్నది. అనగా ఆధారంతో కూడినది. యోగనృసింహ విగ్రహాలలో స్వామి మోకాళ్ళను చుట్టి కనిపించే యోగపట్టం అటువంటి ఆధారమే. బాదరాయణులు సైతం ఏకాగ్రత ఎక్కడ కుదిరితే అక్కడ ఉపాసించవచ్చునన్నారు. ఆ సూత్రం దిక్కు, దేశం, కాలాలను గురించినదే అయినా, ఆ న్యాయం కుర్చీకి కూడా చెల్లుతుందని నా భావన. పాదాలు నేలకు ఆని, నడుముకు ఆనిక ఉంటే చాలు. పారాయణ నిర్వాహకులు నాలుగు కుర్చీలను వెనుక కాక ప్రక్కన, ముందువరుసకు సమానంగా వేయడం మేలు.

అట్లని కర్రవలె బిగుసుకుపోవడమూ తగదు. పతంజలి ఆసనానికి స్థైర్యంతోపాటు సుఖాన్ని కూడా లక్షణంగా చెప్పి, ప్రయత్నాన్ని సడలించమన్నాడు. ఎంత ఉత్తమమైన భంగిమ అయినా గంటల తరబడి నిలిపితే వెన్నుకు భారమే. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయాలి. వాడపల్లి వెంకన్నకు ఏడు ప్రదక్షిణలు చేసేవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

బరువుల సంగతి. కనుమనాడు జగ్గన్నతోటకు ఏకాదశరుద్రుల ప్రభలు తరలుతాయి. ఎందరో భుజాలు కలిపి, భారం పంచుకొని, పొలాల మీదుగా, కౌశిక నీటిలోనుండి వాటిని దాటిస్తారు. మరునాడు ఇంట్లో బియ్యం బస్తాను మాత్రం ఒక్కడే, మోకాళ్ళు వంచక, నడుము మెలితిప్పి ఎత్తుతాడు! మోకాళ్ళు వంచి, బరువును ఛాతీకి చేర్చి, తిరగవలసినప్పుడు పాదాలతో తిరగాలి. మరీ బరువైతే మరొకరిని పిలవాలి.

ఇవన్నీ నివారణోపాయాలు మాత్రమే. నొప్పి కాలిలోకి దిగి తిమ్మిరి, బలహీనత కలిగినా, జ్వరంతో కూడి వచ్చినా, పడిపోయిన తరువాత మొదలైనా వైద్యుని చూడాలి. మలమూత్రాలపై అదుపు తప్పితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. అటువంటి వేళ ప్రారబ్ధమని ఇంట్లో పడుకోరాదు.